గుట్టైన కాపురము

మన గ్రామములలో ఒక ఇల్లాలిని మెచ్చుకొనవలసి వచ్చినప్పుడు పెద్దలు వాడు మాట యొకటి కలదు. ఆమె గుట్టుగా కాపురము చేసికొనుచున్నది అందురు. ఇంట ఉప్పున్నదో లేదో, మగడు కసిరెనో మెచ్చెనో, ఆ సంగతి గడప దాటి రాదు. ఇంటిగుట్టు లంకకు చేటు అని సామెత కూడ పుట్టినది. గుట్టు అను ఈ చిన్న మాటలో ఎంత ఓర్పు, ఎంత మర్యాద ఇమిడియున్నవో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. అయితే ఆ మాట చాటుననే మరియొకటి దాగుకొనగలదు. దానిని దాపరికము అందుము. రెండును తలుపు మూసికొనియే యుండును. వీధిలో నిలిచి చూచువానికి రెండును ఒకటే. లోపల నున్నవారికి మాత్రము కాదు. ఈ భేదము ఎక్కడ నున్నది? భార్యాభర్తలు ఒకరికొకరు ఎంత చెప్పవలసియున్నారు? ఇద్దరును కలిసి ఒక సంగతిని దాచినయెడల, ఆ ఇద్దరు నిజముగా ఏకమైనట్లా?

ఈ ప్రశ్నలను నిదానముగా ఆలోచించుటకు నేనొక నవలను ఎత్తుకొనుచున్నాను. నవలలు చదువుట కాలహరణమని తలంచు పెద్దలు ఈ ఒక్క నెలకు నన్ను సహింతురు గాక. ఇంగ్లాండు దేశపు రచయిత్రి డాఫ్నీ డ్యు మారియే వ్రాసిన ‘రెబెక్కా’ 1938లో అచ్చుపడినది. మన తెలుగు బైబిలులో రిబ్కా అని చదువుకొను పేరే ఇది. రచయిత్రి భర్త సైనికోద్యోగి. అతని ఉద్యోగము నిమిత్తము 1937లో ఐగుప్తులోని అలెక్సంద్రియ పట్టణమున నుండగా ఆమె ఈ కథ మొదలుపెట్టెను. ఈమెను పెండ్లాడక మునుపు అతనికి మరియొక స్త్రీతో పెండ్లి నిశ్చయమై తప్పిపోయినది. ఆ స్త్రీ వ్రాసిన పాత ఉత్తరములు ఈమె కంటబడినవి. ఈ పుస్తకమును లోకులు ప్రేమకథ యని కొనియాడినను, ఇది అసూయను గూర్చిన పరిశీలన యని రచయిత్రి చెప్పుచుండెడిది. ఆ మాట పట్టుకొని చదివినవారికే దీనిలోని సారము దొరకును.

కథ చెప్పునది దిక్కులేని ఒక పేద పడుచు. పుస్తకమంతట ఆమె పేరు ఒక్కసారియు రాదు. మాంటి కార్లో పట్టణములో ఒక ధనవంతురాలికి తోడుగా జీతమునకు కుదిరియుండగా, మాక్సిమ్ డి వింటర్ అను భూస్వామి ఆమెకు తటస్థపడెను. అతని వయస్సు ఆమెకు రెండింతలు. అతని మొదటి భార్యయగు రెబెక్కా సముద్రములో పడవ మునిగి చనిపోయినదనియు, ఆ దుఃఖముతో అతడు తిరుగుచున్నాడనియు అందరును చెప్పుకొనుచుండిరి. కొద్ది వారములలోనే అతడు ఈ పడుచును పెండ్లాడుదునని అడిగెను. గుడిలోనా పెండ్లి అని ఆమె ఆశగా అడుగగా, అట్టి పెండ్లి తనకు ఒకసారి అయినదని చెప్పి ఆ మాట త్రోసివేసెను.

మన సంఘములలో పెండ్లి ప్రకటనను ముందుగా చదువుట మీరెరుగుదురు. ఏదైన అభ్యంతరము ఎరిగినవారు చెప్పవలెనని గురువు అడిగి కొంచెము ఆగును. ఆ క్షణములో దగ్గు వచ్చినవాడు కూడ అణచుకొనును. ఆ ప్రశ్న ఊరకే పెట్టినది కాదు. ఒక మనుష్యుని చేయి పట్టుకొనబోవు ఆడపిల్లకు అతని సంగతి తెలిసికొను హక్కు కలదని దాని భావము. ఈ కథలోని పడుచు విషయములో ఆ ప్రశ్నకు చోటు లేకపోయెను. ఉన్నను ఎవరును నోరు విప్పియుండరు. తెలిసినవాడు పెండ్లికుమారు డొక్కడే.

వారు మాండర్లీ అను అతని మహాభవనమునకు వచ్చిరి. అక్కడ ప్రతి వస్తువు మొదటి భార్యదే. పుస్తకము మీద ఆమె సంతకము, తువాలు మీద ఆమె అక్షరము, బల్ల సొరుగులో ఆమె వ్రాత. రెండవ సంబంధమునకు వెళ్లిన స్త్రీలు మన ఊళ్లలోను కలరు. గోడ మీది పటము క్రింద అన్నము తినుట ఎట్లుండునో వారినడుగుడి. ఈ పడుచు ఒకనాడు పింగాణి బొమ్మ యొకటి చేయిజార్చి పగులగొట్టినది. రెక్కలుగల పసిబాలుని బొమ్మ అది, చాల విలువైనది, రెబెక్కా పెండ్లికి వచ్చిన కానుక. ఇంటి యజమానురాలే అయినను ఆమెకు భయము వేసి, ముక్కలను ఒక కవరులో పెట్టి సొరుగు వెనుకకు నెట్టివేసెను. తరువాత నేమి జరిగినది? బొమ్మ కనబడలేదు. ఇంటి పెత్తనము చేయు డాన్వర్స్ అను ఆమె రాబర్టు అను పనివానిని అనుమానించినది. వాడు కన్నీళ్లు పెట్టుకొనెను. సంగతి యజమానుని యొద్దకు వచ్చినప్పుడు గాని ఈ పడుచు నేనే పగులగొట్టితినని చెప్పలేదు.

చదువరీ, ఈ చిన్న సంగతి యొద్ద కొంచెము నిలువుడి. పుస్తకములో పెద్ద ఘోరములు ముందున్నవి గాని, వాటన్నిటి కొలతబద్ద ఇక్కడనే యున్నదని నా తలంపు. దాచినది ఒక బొమ్మ ముక్కలు. దాచినది దుష్టబుద్ధితో కాదు, భయముతో. అయినను దాని వెల చెల్లించినది ఎవరు? సొరుగు ఎక్కడున్నదో కూడ ఎరుగని పనివాడు. గుట్టునకును దాపరికమునకును భేదము ఏమని నన్నడిగినయెడల, నేను రాబర్టును చూపుదును. భర్తకు అప్పులున్నవని వీధిలో చెప్పని ఇల్లాలు, భార్య నోటి దురుసును బంధువులలో కప్పివేయు మగడు ఎదుటివాని సిగ్గును తాము మోయుచున్నారు. అది గుట్టు. నా పనిని కప్పిపెట్టి, దాని బరువు ఎరుగనివాని నెత్తిమీద పెట్టునది దాపరికము.

ఆ డాన్వర్సును గూర్చి కొంచెము చెప్పవలెను. రెబెక్కాను చిన్ననాటనుండి కనిపెట్టి పెంచిన మనిషి ఆమె. చనిపోయినదాని గదిని అట్లే యుంచి, పరుపు వేసి, రాత్రి తొడుగుకొను వస్త్రము మడిచిపెట్టి, దువ్వెనలు వరుసగా పేర్చి, రోజూ దులుపుచుండెడిది. దానిని ప్రేమ యందుమా? ప్రేమించినవారిని పోనిచ్చి ఏడ్చుట ప్రేమ. పోనీయక పట్టుకొనుట పిచ్చి. ఆ పిచ్చితో ఆమె క్రొత్త భార్యను విందునాటి వేషము విషయములో మోసపుచ్చినది. మరునాడు కిటికీ యొద్ద నిలిపి, క్రిందికి దుముకుమని చెవిలో ఊదినది. రెబెక్కా తనతో చెప్పని సంగతి లేదని ఆమె అతిశయము. కథ చివరను, రెబెక్కా ఎవరికిని తెలియకుండ లండను వైద్యుని చూచినదని బయటపడినప్పుడు, నాతో చెప్పలేదేమని ఆమె తెల్లబోయినది. ఒకరి హృదయమంతయు నా సొరుగులోనే యున్నదని నమ్మువారికి ఏదో ఒకనాడు ఈ గతి తప్పదు.

ఇక అసలు సంగతి. విందైన మరునాడు పొగమంచులో ఒక ఓడ తీరమున నేలకు తగులుకొనెను. దాని అడుగు చూచుటకు నీట మునిగినవానికి రెబెక్కా పడవయు, పడవ గదిలో ఒక శవమును కనబడినవి. అప్పుడు మాక్సిమ్ తన రెండవ భార్యతో నోరు విప్పెను. రెబెక్కా మునిగి చావలేదు. సముద్రపు ఒడ్డునున్న చిన్న ఇంటిలో అతడే ఆమెను తుపాకితో కాల్చి, శవమును పడవలో పెట్టి, పలకలకు రంధ్రములు పొడిచి ముంచెను. కొంతకాలమునకు దూరపు ఒడ్డుకు వేరొక స్త్రీ శవము కొట్టుకొనిరాగా, ఇది నా భార్యయే యని గుర్తుపట్టి తన వంశపు సమాధిగదిలో పెట్టించెను. ఆ స్త్రీ ఎవరి కూతురో, ఎవరు ఆమె కొరకు ఏ వాకిట కనిపెట్టియుండిరో, పుస్తకములో ఎవరును మరల అడుగరు. పరాయి పేరు క్రింద పండుకొనియున్న ఆ అనామకురాలిని నేను మరువలేకున్నాను.

ఎందుకు చంపెను? పెండ్లియైన అయిదవ దినమున, ఒక కొండ అంచున నిలిచి, రెబెక్కా తన నడవడిని గూర్చి అతనితో నవ్వుచు చెప్పినదట. విడాకులు తీసికొన్నయెడల వంశమునకు నవ్వుబాటని అతడు ఒక ఒప్పందమునకు తలయొగ్గెను. ఆమె తన ఇష్టప్రకారము నడచుకొనును. మాండర్లీని నలుగురు మెచ్చునట్లు తీర్చిదిద్దును. అతడు నోరు మూసికొనును. చుట్టుప్రక్కల వారందరును ఇటువంటి దంపతులు ఎక్కడనున్నారని కొనియాడిరి. ఎంత గుట్టైన కాపురము! చివరకు ఆమె వేరొకని బిడ్డను నీ ఇంట వారసునిగా పెంచుదునని రెచ్చగొట్టగా తుపాకి పేలెను. ఆమెకు బిడ్డలు పుట్టు అవకాశమే లేదనియు, నయముకాని పుట్టకురుపుతో కొద్ది నెలలలో చనిపోవలసియుండెననియు తరువాత వైద్యుని వలన తెలిసెను.

ఈ ఒప్పుకోలు విన్న భార్య ఏమనుకొన్నది? ఇక్కడ రచయిత్రి మన హృదయమును కూడ పరీక్షించుచున్నది. భర్త ఒక స్త్రీని చంపితినని చెప్పుచుండగా ఆ పడుచు మనస్సులో మొదట ఉప్పొంగినది భయము కాదు, జాలి కాదు, సంతోషము. ఇతడు రెబెక్కాను ఎన్నడును ప్రేమింపలేదు! ఇన్నాళ్లు తనను కాల్చిన అసూయ ఆ ఒక్క మాటతో చల్లారెను. శవము ఇంకను సముద్రములోనే యున్నది. రెండు పెదవులు మొదటిసారి మనఃపూర్వకముగా కలిసికొన్నవి. ఆ క్షణము నుండి ఆమెకు ధైర్యము వచ్చెను, పనివారితో యజమానురాలివలె మాటలాడసాగెను, భర్తను కాపాడుటకు పూనుకొనెను. చదువుచున్న మనమును ఆమె వెంటనే నడుతుము. అతడు పట్టుబడకుండిన బాగుండునని పేజీలు త్రిప్పుదుము. ఎవరి పక్షమున ప్రార్థించుచున్నామో మరచిపోవుదుము.

కొంచెము ఆగి ఆలోచింతము. రెబెక్కా అంత చెడ్డదని మనకు చెప్పినది ఎవరు? ముఖ్యముగా ఆమెను కాల్చినవాడే. ఇతరులు చెప్పిన మాటలు కొన్ని దానికి తోడుపడినను, ఆమె తరపున పలుకువారు పిచ్చిపట్టిన డాన్వర్సు, త్రాగుబోతైన ఫావెల్ అను బంధువు తప్ప లేరు. చచ్చినవారు తిరిగి మాట చెప్పరు. పోనీ, అతడు చెప్పినదంతయు అక్షరాల నిజమే యనుకొందము. అప్పుడు మాత్రము? చెడునడత గల భార్యను చంపవచ్చునా? వంశమునకు మాటరాకూడదను కోరికయే మొదట ఆ ఒప్పందమును చేయించెను. అదే కోరిక తుపాకి తీయించెను. అదే పరాయి శవమును సమాధిలో పెట్టించెను. పరువు అను దేవతకు ఆ ఇంట మూడు నైవేద్యములు జరిగినవి.

ఇది దూరదేశపు ప్రభువుల కథ, మనకేమి అనకుడి. మగడు కొట్టిన దెబ్బలను కొంగుతో కప్పుకొని వచ్చిన ఆడపడుచుతో, అమ్మా, గుట్టుగా ఉండుము, నలుగురికి తెలిసిన పరువు పోవును అని చెప్పు పెద్దలు మన మధ్య లేరా? ఆ మాట చెప్పుచున్నప్పుడు ఎవరి సిగ్గును కప్పుచున్నారు, దాని బరువును ఎవరి వీపున పెట్టుచున్నారు? రాబర్టు కన్నీళ్లను జ్ఞాపకము చేసికొని జవాబు వెదకుడి. 2005లో మన దేశము గృహహింస నుండి స్త్రీలను కాపాడుటకు ప్రత్యేక చట్టము చేసినది. ఇంటి గోడల మధ్య దెబ్బ ఇంటిగుట్టు కాదని చట్టమే చెప్పినప్పుడు, పంచలో కూర్చున్న పెద్దలు వెనుకబడియుండుట తగదు.

చట్టము మాట వచ్చినది గనుక ఒక సంగతి. వివాహకాలములో భార్యాభర్తలు ఒకరితోనొకరు చెప్పుకొన్న మాటను బయటపెట్టుమని వారిని బలవంతపెట్టరాదని 1872 నాటి సాక్ష్య చట్టములో నుండెను; 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమములో కూడ ఆ రక్షణ నిలిచియున్నది. ఒకరు మరియొకరి మీద చేసిన నేరముపై విచారణ జరుగుచున్నప్పుడు మాత్రము అది వర్తింపదు. పడకగదిలోని మాటకు లోకము కొంత మర్యాద ఇయ్యవలెనను తలంపు అందులో కలదు, మంచిదే. కాని న్యాయాధిపతి నన్ను అడుగజాలడు అనుటకును, నన్ను ఎవరును అడుగరు అనుటకును చాల దూరము. ఇంటిగుట్టు పెరుమాళ్లకెరుక అని మన పల్లెసామెతయే చెప్పుచున్నది.

ఇద్దరును కలిసి దాచుట ఐక్యమా అని మొదట అడిగితిని. అననీయ సప్పీరాల సంగతి మీకు తెలిసినదే. ఆ ఇంట భార్యకు తెలియకుండ భర్త ఏమియు చేయలేదు; భర్త మాటకు భార్య ఎదురాడలేదు. పొలము అమ్మిన వెల విషయములో ఇద్దరిది ఒకే మనస్సు. అయినను సుమారు మూడు గంటల తరువాత సప్పీరా వచ్చినప్పుడు పేతురు ఆమెను వేరుగా ప్రశ్నించెను. నీ పెనిమిటి చెప్పినదే చాలునని ఊరకుండలేదు. ఆమె నోటికి ఆమె మాట కలదు, ఆమె మనస్సాక్షికి ఆమె జవాబు కలదు. నన్నడిగిన, ఆ ప్రశ్నలో ఆ స్త్రీకి గొప్ప గౌరవము కలదు. మాండర్లీ పడుచునకు అట్టి గౌరవము ఎవరును చేయలేదు. ఆమెయు తనకు తాను చేసికొనలేదు.

మరణ విచారణ జరిగినది. పడవలు కట్టు టాబ్ అను పనివాడు లేచి, తాను బాగుచేసిన పడవ గట్టిదనియు, పలకలకు లోపలినుండి ఎవరో రంధ్రములు పొడిచిరనియు, నీటి మరలు తెరిచియుండెననియు చెప్పెను. పుస్తకమంతటిలో దాపరికము లేక నిలిచిన మాట అతనిదే. తన చేతిపని మీద మచ్చ పడరాదని చెప్పిన మాట. దానిని విని పెద్దమనుష్యులు ఏమి తేల్చిరి? రెబెక్కా ఆత్మహత్య చేసికొన్నదని. హత్యచేయబడినదాని మీదనే హత్యాపాపము వేసిరి. మేజిస్ట్రేటుగా ఆ వ్యవహారము చూచిన కర్నల్ జూలియన్ సత్యమును కనిపెట్టెనని మాక్సిమ్ స్వయముగా తలంచెను. భూముల వ్యవహారము చూచు ఫ్రాంక్ క్రాలీయు ముందే ఎరుగును. ఒకరును నోరెత్తలేదు. మంచి కుటుంబము, మంచి మనిషి!

1940లో ఈ కథను ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ చలనచిత్రముగా తీసినప్పుడు, రెబెక్కా కాలుజారి పడి తల తగిలి చచ్చినట్లు మార్చిరి. హంతకుడు శిక్ష లేకుండ తప్పించుకొనుట చూపరాదని అమెరికా చిత్రపరిశ్రమకు ఆనాడు నియమముండెను. 1964లో హిందీలో వచ్చిన ‘కోహ్రా’ కూడ ఈ కథ ఆధారముగా తీసినదే. ఆ అమెరికా మార్పు వలన చూచువారి మనస్సు తేలికపడినది గాని, కథలోని ముల్లు తీసివేయబడినది. నిర్దోషియైన భర్తను కాపాడు భార్యను మెచ్చుకొనుట సులభము. రచయిత్రి మన ముందు పెట్టినది ఆ సులభమైన ప్రశ్న కాదు.

ఆ దంపతులు ఉరిని తప్పించుకొనిరి. వారు లండను నుండి తిరిగివచ్చు రాత్రి మాండర్లీ మంటలలో నుండెను. మరల స్వదేశమున నిలువలేదు. పుస్తకపు మొదటి పుటలలోనే రచయిత్రి వారి తరువాతి బ్రతుకు చూపినది. పరాయిదేశములో ఒక మామూలు హోటలు. వేళకు టీ, వేళకు నిద్ర. ఇంగ్లాండు నుండి ఆలస్యముగా వచ్చు పత్రికలలో క్రికెట్టు ఆట ఫలితములను భార్య చదువును, భర్త వినును. ఇప్పుడు మా ఇద్దరి మధ్య దాపరికమేమియు లేదని ఆమె తృప్తిగా చెప్పుకొనుచున్నది. అయితే రాత్రి మాండర్లీకి వెళ్లినట్లు కలగన్నది. ఆ కల భర్తతో చెప్పకూడదని నిశ్చయించుకొన్నది. ఒకసారి స్వదేశపు అడవిపిట్టలను గూర్చిన వ్యాసమొకటి బిగ్గరగా చదువుచుండగా అతని ముఖము మారుట చూచినది. ఆనాటినుండి అతనికి ఆటల సంగతులే చదివి వినిపించును. పచ్చికబయళ్లను, తడిసిన మట్టిని, ఇంటిదారిని గూర్చి వ్రాసినవి ఆమె ఒంటరిగా, అతనికి తెలియకుండ చదువుకొనును.